సూది వద్దనుకుంటే సోదికి పోనక్కర్లేదు

ఒంటిమీది కొన్ని పాయింట్లలో సన్నటి సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ అనగానే కొందరికి ఒళ్ళు జలదరిస్తుంది. సూది మందం 0.16 నుంచి 0.30 మిల్లీమీటర్ల లోపే, ఇంజెక్షన్ సూదితో పోలిస్తే వెంట్రుక లాంటిది. అయినా సూది సూదే. ఇలాంటివాళ్ళకు ఇప్పుడు శబ్దచికిత్సను చూపిస్తున్నారు. గుచ్చేదేమీ ఉండదు, అవే పాయింట్ల మీద ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే ఒకే స్వరంలో మోగే, కాడా రెండు భుజాలూ ఉన్న లోహపు పనిముట్టు) ఆనిస్తే సూది చేసే పనంతా శబ్దమే చేసిపెడుతుంది అంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. కానీ ప్రచారం దీపం పట్టుకుని వెతుకుతున్నది ఒకచోట, నిజం ఉన్నది మరోచోట. సూది లేకుండా ఉపశమనం కలిగితే అది శబ్దం వల్ల కాదు, ఒంటికి తగిలే కంపనం వల్ల. ఆ కంపనంలోనూ ఎన్ని హెర్ట్జ్, అంటే సెకనుకు ఎన్ని అదుర్లు, అన్నది రెండో సంగతే. ఎంతసేపు, ఎంత ఒత్తిడితో అన్నదే మొదటి సంగతి. ఈ రెండూ వదిలేసి అంకెల మహిమ చెప్పేవాళ్ళ దగ్గరికి వెళ్ళడమంటే సూది వద్దని సోదికి వెళ్ళడమే.

ముందు ఒక చిక్కు విప్పాలి. శబ్దచికిత్స అనే పేరుతో రెండు వేరువేరు పనులను ఒకే గాటన కట్టేస్తున్నారు. ఒకటి గాలిలోంచి వినిపించేది: సింగింగ్ బౌల్స్ (కొడితే మోగే లోహపు గిన్నెలు), గాంగ్ (పెద్ద లోహపు పళ్ళెం), స్పీకర్లు. రెండోది ఒంటికి ఆనించేది: బరువు తొడిగిన ఫోర్క్, వైబ్రేటర్, లోపల స్పీకర్లున్న పరుపు లేదా కుర్చీ. మొదటిదానికీ ఆక్యుపంక్చర్ పాయింట్లకూ అసలు పొత్తు కుదరదు. కారణం మామూలు భౌతికశాస్త్రమే. శబ్దతరంగానికి ఒక పదార్థం ఎంత ఎదురునిలుస్తుందో చెప్పే కొలత అకౌస్టిక్ ఇంపెడెన్స్. గాలికి అది సుమారు 413 రేల్స్. కండ, కొవ్వు, నీళ్ళతో నిండిన ఒంటిది 15 లక్షల పైచిలుకు. ఇంత తేడా ఉన్న రెండు పదార్థాలు కలిసే చోట తరంగం గోడకు కొట్టిన బంతిలా వెనక్కి పోతుంది. శక్తిలో దాదాపు వెయ్యో వంతు మాత్రమే లోపలికి దిగుతుంది. అల్ట్రాసౌండ్ స్కాన్‌కు ముందు పొట్టమీద జెల్ రాసేది ఈ గాలి పొర అడ్డు తీసేయడానికే. గాంగ్ పక్కన నిలబడితే ఛాతీ అదిరిన మాట నిజమే. అది చాలా పెద్ద శబ్దం, పైగా ఊపిరితిత్తుల్లో ఉన్నది గాలి. అంతమాత్రాన మీ మోకాలి కింది పాయింటుకు గదిలో మోగే బౌల్ నుంచి ఏదో చేరుతోందని కాదు.

అలాగని బౌల్స్ వల్ల ఏమీ జరగదని కాదు. అవి చెవి దారిన పనిచేస్తాయి. చీకటి గది, పడుకున్న ఒళ్ళు, నెమ్మదించిన ఊపిరి, మెల్లగా సన్నగిల్లే మోత, ఇవన్నీ కలిసి మనసును తేలికపరుస్తాయి. 2017లో 62 మందితో అచ్చయిన ఒక అధ్యయనంలో బౌల్స్ సెషన్ తర్వాత ఒత్తిడి, ఆందోళన తగ్గాయని తేలింది. కానీ పోల్చి చూడటానికి ఊరికే పడుకున్న మరో గుంపు అందులో లేదు. గంటసేపు కళ్ళు మూసుకుని పడుకుంటే ఎవరికైనా ఎంతోకొంత తగ్గుతుంది కదా. హాయిగా ఉండటం చిన్న విషయమేమీ కాదు, దాన్ని హాయి అని పిలిస్తే చాలు. ఇంకొక్క మాట: గాంగ్‌కు దగ్గర్లో తల పెట్టి పడుకోకండి. పని స్థలాల భద్రతా లెక్కల ప్రకారం 85 డెసిబెల్స్‌కు 8 గంటలు హద్దయితే, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 డెసిబెల్స్‌కు మిగిలేది 15 నిమిషాలే. ఫోన్‌లో ఏదైనా డెసిబెల్ మీటర్ యాప్ పెట్టి తల ఉండే చోట ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

ఇక ఒంటికి ఆనించే రకం. దీన్ని తూకం వేయాలంటే సూది ఏం చేస్తుందో, అందులో గుచ్చడం వాటా ఎంతో ముందు చూడాలి. దీర్ఘకాలిక నడుంనొప్పి మీద జర్మనీలో 1162 మందితో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. సరైన పాయింట్లలో సూదులు వేసినవాళ్ళలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. పాయింట్లు కాని చోట్ల పైపైన సూదులు వేసినవాళ్ళలో 44.2 శాతం. మందులు, వ్యాయామం లాంటి మామూలు చికిత్స పొందినవాళ్ళలో 27.4 శాతం. రెండేళ్ళ తర్వాత అమెరికాలో 638 మందితో చేసిన పరీక్ష ఇంకా ఆసక్తికరం. అందులో ఒక గుంపుకు సూదే వేయలేదు. సూదిని దింపే గొట్టంలో పళ్ళు కుట్టుకునే పుల్ల పెట్టి, పాయింటు మీద ఆనించి, తిప్పి, తీసేశారు. పడుకున్నవాళ్ళకు సూది వేసినట్టే అనిపించింది. ఎనిమిది వారాల తర్వాత చూస్తే పుల్లకూ సూదికీ చెప్పుకోదగ్గ తేడా లేదు, రెండూ మామూలు చికిత్సకన్నా మెరుగే.

శబ్దచికిత్స వాళ్ళు ఈ ఫలితాన్ని పట్టుకుని సంబరపడతారు: చూశారా, సూది అక్కర్లేదని రుజువైంది! నిజమే, నడుంనొప్పి వరకు గుచ్చడం అంత ముఖ్యం కాదని తేలింది. కానీ అక్కడ గెలిచింది పుల్ల, ఫోర్క్ కాదు. చర్మానికి తగిలిన స్పర్శ, కదలకుండా పడుకున్న సమయం, ఒక మనిషి శ్రద్ధగా చూడటం, తగ్గుతుందన్న ఆశ, వీటిలో ఏది ఎంత అన్నది ఆ పరీక్ష చెప్పదు. పైగా రెండోవైపు కూడా ఉంది. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన ఎలుకల పరిశోధనలో, వెనక కాలి పాయింటులో సూది దింపి కరెంటు పంపితే మెదడు నుంచి పొట్టదాకా దిగే వేగస్ నరం, అడ్రినల్ గ్రంథి దారిన వాపు తగ్గింది. ఆ పని చేసినవి లోతుగా ఉండే కండర పొరల్లోని ఒక రకం నరాల పోగులు. పొట్టమీది పాయింటులో అవి లేవు, అక్కడ ఫలితమూ లేదు. కాబట్టి లోతుకు దిగాల్సిన పనులు కొన్ని ఉండొచ్చు, వాటికి చర్మం మీద ఆడే కంపనం సాటి వస్తుందని ముందే అనుకోకూడదు.

కంపనం తన దారిన తాను చేసే పని వేరే ఉంది, అది గట్టిదే. చర్మం కింద రెండు రకాల గ్రాహకాలు దీనికి బాగా స్పందిస్తాయి. మైస్నర్ కణికలు 20 నుంచి 50 హెర్ట్జ్ అదురుకు, లోతుగా ఉండే పాసీనియన్ కణికలు 200 నుంచి 300 హెర్ట్జ్ కంపనానికి. సుమారు 1000 హెర్ట్జ్ దాటాక చర్మానికి ఏమీ తెలియదు. ఈ గ్రాహకాల కబురు మోసేవి లావుపాటి, వేగంగా నడిచే నరాల పోగులు. నొప్పి కబురు మోసేవి సన్నవి. లావు పోగుల రద్దీ పెరిగితే వెన్నుపాములోనే నొప్పి దారి కొంత మూసుకుంటుందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోట మనకు తెలియకుండానే చేత్తో రుద్దుకోవడం వెనక ఉన్నది ఇదే. వివరాల్లో ఆ సిద్ధాంతానికి తర్వాత చాలా సవరణలు వచ్చాయి కానీ కంపనం నొప్పిని అదుపులో పెట్టడం మాత్రం పదేపదే కనిపించిన విషయమే.

మోతాదు ప్రశ్న ఇక్కడే వస్తుంది. స్వీడన్‌లో 1984లో లుండెబర్గ్ బృందం కండరాల, కీళ్ళ నొప్పులున్న 366 మంది మీద వైబ్రేటర్ వాడి చూసింది. ఉపశమనం ఎక్కువసేపు నిలవాలంటే 25 నుంచి 45 నిమిషాలు కంపనం ఇవ్వాల్సి వచ్చింది, అదీ మధ్యస్థంగా నొక్కుతూ. ఎక్కడ పెడితే బాగా పనిచేసిందీ అంటే నొప్పి ఉన్న చోటే, లేదా ఆ కండరం, దాని స్నాయువు, ఎదురు కండరం, లేదా నొప్పికి దూరంగా ఉన్న ట్రిగ్గర్ పాయింటు (నొక్కితే వేరేచోట నొప్పి పుట్టించే బిగుసుకున్న చోటు). ఇప్పుడు ఫోర్క్ సంగతి చూడండి. ఒకసారి కొడితే ఒంటిమీద అది చురుగ్గా ఉండేది 20, 30 సెకన్లు. పాయింటుకు మూడుసార్లు చొప్పున కొట్టినా నిమిషం, నిమిషంన్నర. పది పాయింట్లు తిరిగినా ఒక్కోచోట అందేది అంతే. అంటే ఫోర్క్‌తో చేసేవాళ్ళు తెలియకుండానే మందు చుక్కను చెరువులో కలిపి ఇస్తున్నారు. నా దృష్టిలో ఈ రంగంలో అసలు లోపం ఇదే, దీని గురించి మాట్లాడేవాళ్ళే తక్కువ.

అయినా ఫోర్క్ వాడాలనుకుంటే పద్ధతిగా వాడాలి. ఒంటికి ఆనించడానికి కావాల్సింది భుజాల చివర గుండ్రటి బరువులున్న రకం, సాధారణంగా 128 హెర్ట్జ్. బరువు వల్ల పొట్టి ఫోర్క్‌లోనే తక్కువ పౌనఃపున్యం వస్తుంది, శక్తి ఎక్కువ నిలుస్తుంది, కాడలోకి దిగే కదలిక చేతికి తెలుస్తుంది. బరువు లేని 528, 4096 లాంటివి చెవి దగ్గర ఊపడానికే పనికొస్తాయి. 4096 హెర్ట్జ్‌ను పాయింటు మీద పెట్టడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, చర్మానికి అది వినపడదు. పట్టుకోవడం కాడ దగ్గరే, బొటనవేలు చూపుడువేలు మధ్య. వేలు భుజానికి తగిలితే మోత అక్కడికక్కడే చచ్చిపోతుంది. కొట్టాల్సింది గట్టి రబ్బరు ముక్క మీద, లేదంటే అరచేతి మడమ మీద, భుజం బల్లపరుపు వైపు తగిలేలా. బల్ల అంచుకు కొడితే ఖంగుమంటుంది. ఆ ఖంగు ఫోర్క్ అసలు స్వరం కాదు. బరువు లేని ఫోర్క్‌లో మూలానికి దాదాపు 6.27 రెట్ల దగ్గర పలికే పై స్వరం అది, బరువులున్న దానిలో ఆ లెక్క కొంత మారుతుంది. ఏదైనా అందులోకి పోయిన శక్తి మీ పాయింటుకు రాదు, ఫోర్క్ కూడా సొట్టలు పడుతుంది.

నేయ్‌గువాన్ అనే ముంజేతి పాయింటునే తీసుకుందాం. వాంతి వికారానికి పేరున్నది ఇదే. చికిత్స తీసుకునే మనిషి అరచేయి పైకి పెట్టాలి. మణికట్టు గీత మీద ఆ మనిషివే మూడు వేళ్ళు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలు, అడ్డంగా ఆనిస్తే మోచేతి వైపు అంచు ఎక్కడ వస్తుందో అదే ఎత్తు. చేసేవాళ్ళ వేళ్ళతో కొలిస్తే తప్పు వస్తుంది, చిన్నపిల్లల విషయంలో మరీ. బొటనవేలినీ చిటికెనవేలినీ కలిపి మణికట్టును కొంచెం లోపలికి వంచితే రెండు స్నాయువులు తాళ్ళలా పైకి లేస్తాయి, పాయింటు వాటి మధ్య పల్లంలో ఉంటుంది. కొందరికి ఆ రెంటిలో ఒకటి, పామారిస్ లాంగస్, పుట్టుకతోనే ఉండదు. అప్పుడు తాడు ఒక్కటే కనిపిస్తుంది, చెయ్యి మధ్యగీతకు ఆనుకుని చూసుకోవాలి. కొట్టిన ఫోర్క్ కాడను నిటారుగా పెట్టి చర్మం కాస్త గుంటపడేంత మాత్రమే నొక్కాలి. తేలిగ్గా పెడితే కాడ చర్మం మీద జారి గరగరలాడుతుంది. మరీ అదిమితే మెత్తటి కండ కంపనాన్ని మింగేసి అయిదారు సెకన్లలో ఆగిపోతుంది. కింద మీడియన్ నరం ఉంది, వేళ్ళలోకి జివ్వుమని పాకితే నొక్కుడు ఎక్కువైందని అర్థం.

ఇంత చెప్పాక ఒక చేదు నిజం. ఈ పాయింటు గురించి సాక్ష్యం చాలానే ఉంది. ఆపరేషన్ తర్వాతి వాంతుల మీద వైద్య పరీక్షలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్ష 59 పరీక్షలను లెక్కలోకి తీసుకుంది, సూది మాత్రమే కాదు, వేలి ఒత్తిడి, బిళ్ళ ఉన్న మణికట్టు పట్టీ, కరెంటు, లేజర్ అన్నీ అందులో ఉన్నాయి. సూది లేనివీ పనిచేశాయి. అంటే ఇక్కడ సూదికి ప్రత్యామ్నాయం ఇప్పటికే ఉంది, అది బొటనవేలు. గంటలకొద్దీ అదే చోట ఒత్తుతూ ఉండే పట్టీ ముందు అర నిమిషం మోగే ఫోర్క్ ఎందుకో చెప్పాల్సిన బాధ్యత ఫోర్క్ అమ్మేవాళ్ళదే.

పాయింటును గురిచూసి కొడుతున్నామన్న మాట కూడా కంపనం విషయంలో చెల్లదు. చర్మం మీద పెట్టిన కదలిక కండలో పక్కలకు అలలా పాకుతుంది, వేగం సెకనుకు కొన్ని మీటర్లే. 3 మీటర్లు అనుకుంటే 128 హెర్ట్జ్‌కు అల పొడవు 2.3 సెంటీమీటర్లు వస్తుంది. చుట్టూ ఆ మేరంతా కదులుతున్నప్పుడు అర సెంటీమీటరు అటా ఇటా అని మథనపడటం అనవసరం. ఎముక మీద పెడితే ఇంకా దూరం పోతుంది. నుదుటి మీద ఫోర్క్ ఆనించి రెండు చెవుల్లో ఏది బాగా వింటోందో చూసే వెబర్ పరీక్ష నడిచేదే ఎముక దారిన. సూదికి ఉన్న సూటిదనం ఫోర్క్‌కు లేదు, ఉందని చెప్పుకోవాల్సిన అవసరమూ లేదు.

ఇక అంకెల సోది. 136.1 హెర్ట్జ్‌ను భూమి స్వరమంటారు. అది వచ్చిన తీరు ఇది: ఏడాదిలో ఉన్న సుమారు 3,15,56,926 సెకన్లతో ఒకటిని భాగించి, వచ్చినదాన్ని 32 సార్లు రెట్టింపు చేస్తే 136.1. లెక్క తప్పేమీ కాదు. కానీ రెట్టింపు చేస్తే అదే స్వరం అన్న భావన చెవికి సంబంధించినది. పాసీనియన్ కణికకు 136.1, 68.05 ఒకటి కావు, ఒకదానికి బాగా స్పందిస్తుంది, రెండోదానికి అంతగా స్పందించదు. నయం చేస్తాయని చెప్పే 396, 417, 528, 639, 741, 852 హెర్ట్జ్ వరస ఇంకా చిత్రం. 396లో చివరి అంకెను ముందుకు తెస్తే 639, 417లో అలాగే చేస్తే 741, 528లో చేస్తే 852 దొరుకుతాయి. అది అంకెల అందమే తప్ప ఒంటిది కాదు. అసలు హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్నిసార్లు అని. సెకను మనుషులు పెట్టుకున్న కొలత. రోజును 86,400 ముక్కలు కాకుండా లక్ష ముక్కలు చేసుకుని ఉంటే 528 అన్న అంకే ఉండేది కాదు.

దశాంశాల పవిత్రతకు ఇంకో దెబ్బ చేతివేడి. ఉక్కు ఫోర్క్ పౌనఃపున్యం డిగ్రీకి సుమారు పదివేలలో ఒక వంతు తగ్గుతుంది. 20 డిగ్రీల గదిలో 136.1 పలికే ఫోర్క్ 35 డిగ్రీలకు చేరితే 135.9 పలుకుతుంది. ఎక్కువగా అమ్ముడయ్యే అల్యూమినియం రకంలో ఈ జారుడు ఇంకా ఎక్కువ. నమ్మకం పరీక్షించుకోవాలనుకుంటే సులువైన దారుంది. 128, 136.1 ఫోర్క్‌లు రెండూ తీసుకుని, చెవుల్లో దూది కాదు, సరైన ఇయర్‌ప్లగ్‌లే పెట్టుకుని, కళ్ళు మూసుకుని వేరొకరితో పిక్క మీద ఇరవైసార్లు మార్చి మార్చి పెట్టించుకోండి. ఏది ఏదో రాయించండి. ఈ రెంటి మధ్య తేడా సంగీతంలో అరస్వరం కన్నా కాస్త ఎక్కువ. చెవి ఇట్టే పట్టేస్తుంది, చర్మం మాత్రం తికమకపడుతుంది. ఒళ్ళు గుర్తించలేని తేడాకు ఒళ్ళు రెండు రకాలుగా నయమవుతుందని నమ్మడం కష్టం.

మరి సూదికి భయపడే మనిషి ఏం చేయాలి? నొప్పి కోసమైతే 80 నుంచి 150 హెర్ట్జ్ మధ్య నిలకడగా నడిచే చిన్న వైబ్రేటర్ ఫోర్క్‌కన్నా మంచి పనిముట్టు. నొప్పి ఉన్న కండరం మీద, గుడ్డ పొర మీదుగా, వైబ్రేటర్ బరువుకు తోడు కొంచెం ఒత్తిడితో 25 నిమిషాలు పెట్టి చూడాలి. మొదటి పది నిమిషాల్లో ఏమీ తెలియలేదని తీసేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. మసాజ్ గన్ దీనికి బదులు కాదు. నిమిషానికి 1750 నుంచి 3200 పోట్లంటే 29 నుంచి 53 హెర్ట్జ్, అదీ సెంటీమీటరు లోతున పొడుస్తుంది. అది కండను పిసికే పని. ఒళ్ళంతా బిగుసుకున్నట్టుండేవాళ్ళకు 1980లలో నార్వేలో ఓలావ్ స్కిల్లే రూపుదిద్దిన వైబ్రోఅకౌస్టిక్ పద్ధతి, 30 నుంచి 120 హెర్ట్జ్ స్వరాలను పరుపులోని స్పీకర్ల ద్వారా పంపేది, ఎక్కువ నప్పుతుంది. అక్కడ మోతాదు నిమిషాల్లో ఉంటుంది, స్పర్శ ఒంటంతా ఉంటుంది. శబ్దచికిత్స అన్న పేరుకు నిజంగా తగినది అదే అని నా అభిప్రాయం.

ఆగాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. కాలిలో రక్తం గడ్డకట్టిన అనుమానం ఉంటే, పిక్క వాచి వేడిగా ఉంటే, కంపనం జోలికి పోకూడదు. కొత్త విరుపు మీద, పుండు మీద పెట్టకూడదు. స్పీకర్లున్న పరుపులో అయస్కాంతాలుంటాయి కనుక పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా పడుకోకూడదు. గర్భిణులకు పొట్టమీద, నడుం కింద వద్దు. చెవుల్లో హోరు ఉన్నవాళ్ళకు తల ఎముకల మీద ఫోర్క్ పెట్టడం బాధనే పెంచుతుంది. రాయి తగిలినట్టు ఎముక మీద ఒకే చోట ఫోర్క్ పెట్టగానే చురుక్కుమంటే అది శక్తి కదలడం కాదు, సన్నటి చీలిక ఉందేమో చూపించుకోవాలి. విరుపును పసిగట్టడానికి వైద్యులు ఫోర్క్‌ను వాడిన మాట పాతదే.

అసలు 128 హెర్ట్జ్ ఫోర్క్ నరాల వైద్యుల జేబులో ఎప్పటినుంచో ఉన్న వస్తువే. కాలి బొటనవేలి గోరు వెనక ఎముక మీద ఆనించి, కంపనం ఆగినప్పుడు చెప్పమంటారు. శబ్దచికిత్స చేసే మనిషి సెషన్ మొదలుపెట్టేముందు ఇదే పని చేయాలి, రెండు కాళ్ళకూ. బొటనవేలి మీద మోగుతున్న ఫోర్క్ తెలియడం లేదని, అదే ఫోర్క్ మణికట్టు ఎముక మీద బాగా తెలుస్తోందని ఎవరైనా అంటే, ఆ రోజు ఫోర్క్‌ను సంచిలో పెట్టేసి వాళ్ళను చక్కెర పరీక్షకు పంపాలి.